బ్యాలన్స్ తప్పని జవాబు

మా ఓనరు ఆంటీకి మగపిల్లలంటే గిట్టదు. దేశ రాజధానిలో, కోచింగుల పేట ఓల్డ్ రాజిందర్ నగర్లో మూడో అంతస్తు గది మా ఇద్దరమ్మాయిలకు ఇస్తూ ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. "లడ్‌కా నహీ ఆనా చాహియే, బేటా" అంది. రాడు ఆంటీ, అని ఇద్దరం ఒకేసారి మాటిచ్చాం. నాలుగేళ్లలో ఒక్కడూ రాలేదు. కింది అంతస్తు అమ్మాయిలకు మమ్మల్ని చూపించి, పిల్లలంటే అలా ఉండాలి అనేది. పండగొస్తే మా ఇద్దరికీ ఒకే గిన్నెలో హల్వా పంపేది. మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లం. తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది.

నా రూమ్మేట్‌ది కరీంనగర్ వైపు, నాది గోదావరి వైపు. మొదటి నెలంతా ఒకరి తెలుగును ఒకరం వెక్కిరించుకోవడంతోనే గడిచిపోయింది. నాకంటే రెండేళ్లు పెద్ద. సివిల్స్ నాలుగుసార్లు రాసి, ఇక చాలనుకుని, ఆ వీధిలోనే ఒక కోచింగ్ సెంటర్లో పిల్లల జవాబు పత్రాలు దిద్దే పనిలో చేరింది. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను. మేం వట్టి రూమ్మేట్లం కాకుండా పోయింది ఏ రోజో నేను చెప్పలేను. తనైతే తారీకుతో సహా చెబుతుంది. రెండు మంచాలూ కలిపేసి, ఆంటీ నీళ్ల ట్యాంకు చూసుకోవడానికి పైకొచ్చే ఆదివారాల్లో మాత్రం విడదీసేవాళ్లం. ఆ మాత్రం జాగ్రత్త తప్ప మాకు వేరే బాధలేవీ లేవనే నేను అనుకున్నాను.

ఆ ఏడాది మెయిన్స్ ఫలితాల్లో నా నంబరు కనిపించింది. ఇంటర్వ్యూకు పిలుపు. అమ్మకు ఫోన్ చేశాను, అమ్మ ఏడ్చింది. ఫోన్ పెట్టేశాక తను నా ఎదురుగా కూర్చుని, ఎన్నాళ్లుగానో లోపల పెట్టుకున్న మాట ఒకటి బయటపెట్టింది.

"నువ్వు సెలక్టు అయినా, కాకున్నా. ఇంటర్వ్యూ అయిన దినం మీ అమ్మకు నా ముచ్చట చెప్పాలె. రూమ్మేట్ అని కాదు. నేను నీకేమైతనో అది చెప్పాలె. ఇగ నాకు ఓపిక లేదే."

"చెబుతాలే" అన్నాను.

"చెబుతాలే కాదు. చెప్తవా?"

"చెబుతాను."

తను ఏదీ అడిగే మనిషి కాదు. నాలుగేళ్లలో నా దగ్గర కోరింది అదొక్కటే. నాకు అర్థమయింది, ఒప్పుకున్నాను, ఆ తర్వాత చదువులో పడిపోయాను.

మా కోచింగ్ లోకంలో ఏ ప్రశ్నకైనా జవాబు ఒక పద్ధతిలోనే నడవాలి. ముందు నిర్వచనం, తర్వాత ఒక వైపు వాదన, తర్వాత రెండో వైపు వాదన, నడుమ సొంత ఊరి ఉదాహరణ ఒకటి, చివర్లో ఆశాజనకంగా రెండు ముక్కలు. ఎటూ ఒరగకూడదు. ఒరిగితే మార్కులు పోతాయి. ఏళ్ల తరబడి అలా రాసి రాసి, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా నేను రెండు వైపులా చెప్పేదాన్ని. తను తల కొట్టుకునేది.

ఇంటర్వ్యూలో మన దరఖాస్తులో రాసుకున్న వాటి మీదే ఎక్కువగా అడుగుతారు. నా డిగ్రీ చరిత్ర. ఏమేం అడగొచ్చో తనే జాబితా వేసి, ఒక్కోదానికీ జవాబు రాసిచ్చింది. ఊరి మీద, గోదావరి వరదల మీద, నేను హాబీ అని అబద్ధం రాసిన తోటపని మీద కూడా. ఒక్క ప్రశ్న కింద మాత్రం ఖాళీ వదిలేసింది. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో ఉండటాన్ని తెల్లవాళ్లు నేరంగా మార్చి పోయారు, మన కోర్టు ఆ నేరాన్ని తీసేసింది, మరి మన సమాజం ఏమంటుంది, అన్నది ఆ ప్రశ్న.

"ఇది నువ్వే రాసుకో" అంది.

"పాయింట్లయినా చెప్పవే" అన్నాను.

తను పాయింట్లు చెప్పలేదు. వాళ్ల ఊళ్లో దేవుడు పూనే శివసత్తి సంగతి చెప్పింది. మగమనిషే, చీర కట్టి, ముఖం నిండా పసుపు రాసుకుని జాతరలో ముందు నడిచేవాడట. తన చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ దగ్గరుండి ఆయన కాళ్లకు మొక్కించేదట.

"ఊర్లె చీర కట్టుకుంటె కాళ్లు మొక్కిన్రు. గదే మనిషి గదే చీర కట్టుకొని బస్టాండుల నిలబడితే పోలీసోల్లు ఉరికిచ్చిన్రు. నడుమ ఏమైంది? తెల్లోడు అచ్చి తప్పన్నడు. ఆడు పోయినంక మనోల్లు గదే మాట పట్టుకొని, ఇది మన సంస్కృతి అంటున్రు. గిప్పుడు మనిద్దర్ని చూస్తే తెల్లోల్ల కాడికెల్లి నేర్చుకున్నరు అంటరు. గమ్మత్తుగ లేదా?"

గమ్మత్తుగానే ఉంది. నేను వెంటనే నోట్సులో 'స్థానిక ఉదాహరణ: శివసత్తి' అని రాసుకుని కింద గీత గీశాను. అది తను చూసింది.

అసలు ఇంటర్వ్యూకు వారం ముందు, తను పనిచేసే కోచింగ్ సెంటర్లోనే నమూనా ఇంటర్వ్యూ పెట్టారు. తను సెలవు పెట్టి వచ్చి, నాకు కుచ్చిళ్లు సర్దుకోవడం చేతకాదు కాబట్టి నేత చీర తనే కట్టింది. లోపల బల్లకు అటువైపు ముగ్గురు పెద్దలు. బయట హాల్లో పెద్ద తెర. లోపల జరిగేదంతా బయట కూర్చున్నవాళ్లు చూసి నేర్చుకోవాలని అక్కడ ఆ ఏర్పాటు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. నేనూ అక్కడ కూర్చుని ఎంతోమందిని చూసినదాన్నే.

మధ్యలో కూర్చున్న పెద్దాయన రిటైరైన అధికారి. పది నిమిషాలు వరదల గురించి అడిగి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ సరిగ్గా ఆ ప్రశ్నే వేశాడు. "నువ్వు చరిత్ర చదివావు. నువ్వే చెప్పు. ఇదంతా మన సంస్కృతిలో ఉన్నదేనా?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఆ చట్టం వలస పాలకులు తెచ్చిపెట్టింది సార్, అన్నాను. తెలంగాణలో శివసత్తులను జనం పూజిస్తారు సార్, మా సన్నిహితుల ఊళ్లోనే ఉదాహరణ ఉంది, అన్నాను. అయితే మన కుటుంబ వ్యవస్థ మనోభావాలను కూడా గౌరవించాలి, అన్నాను. సమాజం ఇంకా సిద్ధంగా లేదు, ఇలాంటి విషయాల్లో తొందర పనికిరాదు, అన్నాను. నేను కలెక్టర్నయితే రెండు వర్గాలనూ కూర్చోబెట్టి మాట్లాడతాను సార్, అని చిరునవ్వుతో ముగించాను. అంతా ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా.

"వెరీ బ్యాలన్స్‌డ్" అన్నాడు పెద్దాయన. పక్కనున్న మేడమ్ కూడా తలాడించింది.

సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది కానీ అబద్ధమవుతుంది. నాకేమీ అనిపించలేదు. తర్వాతి ప్రశ్న తోటపని మీద. ఆకుకూరల గురించి చెప్పాను.

బయటికొచ్చేసరికి హాల్లో ముందు వరసలో తను కూర్చుని ఉంది. ఎవరో అమ్మాయి నా దగ్గరికొచ్చి, అక్కా, ఆ శివసత్తి పాయింట్ భలే ఉంది, వాడుకోవచ్చా, అని అడిగింది. వాడుకోమన్నాను. తను నా ఫైలు అందుకుని ముందు నడిచింది.

గదికొచ్చి చీర విప్పి మడత పెట్టుకుంటుంటే తను టీ పెట్టింది. కప్పు నా చేతికిచ్చింది. కొట్లాడుతుందేమోనని చూశాను. కొట్లాడితే నేనూ రెండు అంటాను, దాంతో తీరిపోతుందనుకున్నాను. నేను గొంతు పెంచితే ఆంటీ మెట్ల మీదికొచ్చేది, నా నోరు అంత మంచిది. కానీ తను చిన్న గొంతుతోనే అడిగింది.

"రెండు వర్గాలంటివి గదా. అండ్ల నువ్వే వర్గం?"

"అది మాక్ ఇంటర్వ్యూనే. మార్కుల కోసం చెప్పేది మార్కుల కోసమే. నీకు తెలీదూ? నువ్వు దిద్దే పేపర్లన్నీ అవేగా."

"నాకు తెల్సు. అండ్లకెల్లి మార్కులు తీసెయ్. బోర్డు తీసెయ్. నేను అడుగుతున్న అనుకో. నేను నీకేమైత?"

చాలా చిన్న ప్రశ్న. నేను కప్పు కింద పెట్టి, "చూడవే, దీన్ని ఒక కోణం నుంచి చూస్తే..." అన్నాను.

వాక్యం మధ్యలో నాకే వినిపించింది నా గొంతు. ఆపేశాను. తను నవ్వలేదు, ఏడవలేదు. "అచ్ఛా" అంది. లేచి కప్పులు కడిగింది. ఆదివారం కాకపోయినా ఆ సాయంత్రం తన మంచం తను గోడ వైపు జరుపుకుంది. మంచం కోళ్లు నేలమీద గీసుకుంటూ పోతుంటే నేను సాయం పట్టాను. ఎందుకు పట్టానో నాకు తెలీదు. బరువైంది కదా అని పట్టాను.

ఆ వారమంతా మామూలుగానే నడిచింది. వండింది, తిన్నాం. వార్తాపత్రికలోంచి ప్రశ్నలు అడిగింది, చెప్పాను. నగరానికి అవతలి వైపు మునిర్కాలో తన క్లాస్‌మేట్ గది ఒకటి ఖాళీ అవుతోందట, అంది. అవునా, అన్నాను. ఎప్పుడు, ఎందుకు అని అడగలేదు. అడిగితే ఉండిపొమ్మనాలి. ఉండిపొమ్మంటే ఎందుకో చెప్పాలి. ఇంత తెలిసి కూడా నోరు మూసుకునే కూర్చున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకు కోపం రావాలి. అదీ పూర్తిగా రాదు.

ఇంటర్వ్యూ రోజు తనే మళ్లీ చీర కట్టింది. మెట్రోలో పక్కనే నిలబడి కొంగు పిన్ను సరిచేసింది. గేటు దాకా వచ్చింది. "పో. మంచిగ చెప్పు" అంది. లోపల బోర్డు వాళ్లు వరదల గురించి, రొయ్యల చెరువుల గురించి, జిల్లాల విభజన గురించి అడిగారు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వారం నుంచీ ఒకటే అనుకుంటున్నాను, ఈసారి అడిగితే ఒరిగిపోయి చెబుతాను, మార్కులు పోతే పోనీ అని. అరగంటలో థాంక్యూ చెప్పి పంపేశారు.

బయట ఎండ ఇంకా తగ్గలేదు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు గేటు దగ్గర గుమిగూడి ఉన్నారు. తను రోడ్డు అవతల షర్బత్ బండి పక్కన నా చెప్పుల సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఇంటర్వ్యూకు వేసుకున్న హీల్స్ కరుస్తాయని తెలిసి తెచ్చింది.

"అడిగిన్రా?"

"లేదు."

తను తలూపింది. నేను చెప్పులు మార్చుకుంటుంటే ఫోను మోగింది. అమ్మ. తను తెర మీద పేరు చూసి, నా ముఖం చూసింది. చెప్పమని మళ్లీ అనలేదు. ఒక్క అడుగు దగ్గరికి జరిగింది, అంతే.

"ఏవమ్మా, ఎలా చేశావు?" అంది అమ్మ. బాగానే చేశానన్నాను. ఏమేం అడిగారో చెప్పాను. వరదల మాటెత్తగానే అమ్మ నాన్నకు ఫోనివ్వబోయి మళ్లీ తీసుకుంది. "తిన్నావా? గొంతు అలా ఉందేంటి? పక్కన ఎవరన్నా ఉన్నారా తోడు?"

తను వింటోంది. అమ్మది పెద్ద గొంతు, ఫోనులోంచి బయటికి వినిపిస్తుంది.

"ఎవరూ లేరమ్మా. ఒక్కదాన్నే" అన్నాను.

అమ్మ ఏదో అంటోంది, ఆటోలో జాగ్రత్త అంటోంది, నేను ఆ, ఆ అంటున్నాను. తను నా చేతిలోంచి హీల్స్ తీసుకుని సంచిలో పెట్టి, సంచి నా భుజానికి తగిలించింది. జారిపోకుండా ఒకసారి సర్దింది. నేను ఫోను పెట్టేసరికి పక్కన నిజంగానే ఎవరూ లేరు.