వెనక వరస పిల్లకి కాకిబంగారం

మా చిన్నప్పుడు నర్సీపట్నంలో స్కూలు వార్షికోత్సవం వస్తే, స్టేజీ వెనక క్లాసురూములో మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి మేకప్ వేసేవారు... ముందు కొబ్బరినూనె, దాని మీద పౌడరు, బుగ్గలకి కుంకం. ఆఖర్న కనురెప్పల మీద చెమ్కీ! ఆ మెరుపుల పొడి వేలికి అద్దుకుని రెప్ప మీద ఒక్కసారి నొక్కితే చాలు... ఎలాంటి పిల్లయినా దేవకన్య అయిపోయేది.

కాకపోతే చెమ్కీ పొట్లం చిన్నది. అందుకని ముందు వరస వాళ్ళకే వేసేవారు. వెనక వరసకి పౌడరుతో సరి.

నేనెప్పుడూ వెనక వరసే. పొడుగు పిల్లని మరి.

డెబ్బైల చివరి మాట ఇది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ కొయ్యూరు వైపు ఏజెన్సీ కొండల్లో నర్సు. శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి, ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయేది. నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. మంచివారే గానీ మాట పొదుపు. మిగిలిన రోజుల్లో నేను స్కూలు నుంచి వచ్చి, మెడలో తాళంచెవితో తలుపు తీసుకుని, అమ్మ అద్దం ముందు కూర్చునేదాన్ని. అమ్మ స్నో సీసా మూత తీసి వాసన చూసేదాన్ని... రాసుకునేదాన్ని కాదు, అయిపోతుందని.

అమ్మ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేది. ఓసారి వాగులో దొరికిందని కాకిబంగారం తెచ్చింది. చిన్న రాయి... గోటితో గీరితే పొరలు పొరలుగా ఊడొచ్చేది, ఎండలో పెడితే తళతళలాడేది. అగ్గిపెట్టెలో దాచుకున్నాను. వారం మధ్యలో అమ్మ మీద బెంగ పుడితే తీసి చూసుకునేదాన్ని.

ఆ ఏడు వార్షికోత్సవం శనివారమే పడింది. మాది దీపాల డాన్సు. బస్సు దిగి సరాసరి స్కూలుకే వస్తానంది అమ్మ.

"ఇరవై మంది పిల్లలు, అందరికీ ఒకలాటి బట్టలు... అంత దూరం నుంచి నిన్నెలాగ పోల్చుకునీదే?" అని నవ్వింది.

"బాగా మెరిసీదాన్ని నేనే అనుకోమ్మా" అన్నాను.

అనడమైతే అన్నాను... చెమ్కీ ఏదీ? రిహార్సల్ రోజున గుండె చిక్కబట్టుకుని మా డాన్సు టీచరుగారిని అడిగాను. ఆవిడేం కసురుకోలేదు. "వెనకోళ్ళు కనబడరు గదమ్మా... నీకెందుకు సెమ్కీ?" అన్నారు, చాలా మామూలుగా. ఇంటికొచ్చి ఏడ్చాను.

శనివారం మధ్యాహ్నం అగ్గిపెట్టె తీశాను. కాకిబంగారమంతా మందులు నూరే కల్వంలో వేసి మెత్తగా నూరాను. అమ్మ స్నో, ఆ ఒక్కసారికి, వేలితో తీసి అందులో కలిపాను. రెప్పలు, బుగ్గలు, మెడ... చెవి తమ్మెలు కూడా వదల్లేదు. కిటికీ ఎండలో అద్దం చూసుకుంటే... అబ్బ! ముందు వరస మొత్తం నా ముందు దిగదుడుపే!

స్టేజీ ఎక్కిన కాసేపటికి దురద మొదలైంది. కళ్ళు మంట. రెండు చేతుల్లోనూ దీపాలు, గోక్కుందామంటే వీల్లేదు. అయినా పాట అయినంతసేపూ తలెత్తి గేటు వైపే చూశాను, వెలుతురు మొహం మీద పడేలా.

అమ్మ రాలేదు. బస్సు దారిలో చెడిపోయిందట. నాన్నేమో అమ్మ కోసం బస్టాండులోనే నిలబడిపోయారు. అంత జనంలో నన్ను చూడ్డానికి మా ఇంటి మనిషి ఒక్కరూ లేరు.

డాన్సయ్యాక పిల్లలందరినీ వాళ్ళ అమ్మలు పంపు దగ్గరికి తీసికెళ్ళి మొహాలు కడిగారు. నేను కడుక్కోలేదు. అమ్మ చూడాలి కదా! "రేప్పొద్దున్న వస్తాదిలే" అని, బస్టాండు నుంచి వచ్చిన నాన్న నన్ను ఇంటికి తీసుకొచ్చారు. అలాగే పడుకున్నాను.

తెల్లారేసరికి మొహం బూరెలా పొంగింది. తలగడ నిండా మెరుపులు. మొదటి బస్సుకి దిగిన అమ్మ నన్ను చూసి గుమ్మంలోనే సంచి వదిలేసింది.

"ఓలమ్మ! ఏటే ఈ మొహం? ఏటి రాసీసుకున్నావు, సెప్పు!"

ఒళ్ళో కూచోబెట్టుకుని తన చెంప నా చెంపకి ఆనించింది. ఊళ్ళో వాళ్ళందరికీ థర్మామీటరు పెట్టే మనిషి, నాకు మాత్రం జ్వరం చెంపతోనే చూసేది. ఆ తర్వాత "బేగి రా" అంటూ నూతి దగ్గరికి లాక్కెళ్ళి, చన్నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో తుడిచి తుడిచి... ఒక్క రవ్వ మిగల్చలేదు.

"ఎందుకు రాసుకున్నావే?" అంది మళ్ళీ.

నువ్వు పోల్చుకుంటావని... అని నోటిదాకా వచ్చింది. చెబితే ఏడుస్తుందని మింగేశాను.

అన్నం తినేటప్పుడు చూశాను, అమ్మ చెంప మీద నా మెరుపు అంటుకుని ఉంది. అదీ చెప్పలేదు. చెబితే తుడిచేసుకుంటుందని.

మధ్యాహ్నం నాన్నతో పాటు బస్టాండుకి వెళ్ళాను. బస్సు కిక్కిరిసి ఉంది. ఎక్కిన అమ్మ ఎటు కూర్చుందో తెలియలేదు. కిటికీల నిండా మొహాలే. బస్సు కదిలి మలుపు తిరిగేసరికి ఎండ ఇటువైపు పడింది... ఒక కిటికీలో ఒక చెంప తళుక్కుమంది. అన్ని మొహాల్లోనూ అమ్మని నేనే పోల్చుకున్నాను. బస్సు కనబడనంత దూరం వెళ్ళేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

ఇప్పుడు మా అమ్మాయి కొనిచ్చిన హైలైటర్లు, షిమ్మర్లు, గ్లిట్టర్లు నా అద్దం ముందు బోలెడు. దురద పెట్టవు, మొహం వాయదు. మొన్నో పెళ్ళికి రాసుకుని వెళ్ళాను. హాల్లో అందరూ మెరుస్తున్నారు... నేనూ మెరిశాను. ఫోటోలు దిగుతూ ఎందుకో ఒకసారి గుమ్మం వైపు చూశాను. ఇంతమందిలో నన్ను పోల్చుకోవాలని వచ్చే మనిషి ఇప్పుడు లేదు.

చిన్నప్పుడు మీరు ఎవరి కంట పడాలని ముస్తాబయ్యారు? వాళ్ళు చూశారా... కింద రాయండి. ఒక్కదాన్నే ఉన్నాను, చదువుతూ కూర్చుంటాను.