గేటు దగ్గర రాహేలవ్వ చెప్పిన నిజం

నిన్న బట్టల దుకాణంలో షావుకారు గుడ్డ కొలిచి, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో చర్రున చింపాడు. నా ఒళ్లు జలదరించింది. ఏమైందమ్మా అని అతను అడిగితే ఏమీ లేదన్నాను. నిజానికి అది రాహేలవ్వ నా పెళ్లిచీర చింపినప్పటి చప్పుడు. ఆమె పోయి చాలా ఏళ్లయింది, ఆ సంగతి మాత్రం నేను మరిచిపోలేదు. నన్ను ఎవరు చిన్నచూపు చూసినా నేను మరిచిపోను. అది నా గుణం.

రాహేలవ్వ మెదక్‌లో మిషన్ దవాఖానలో గాయాలకు కట్లు కట్టే మనిషి. పాత దుప్పట్లు చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, కట్టుగుడ్డలుగా చుట్టడం కూడా ఆమె పనే. నేను ఎడమ చెయ్యి కాలి అక్కడికి చేరాను. పాపన్నపేట వైపు మా ఊళ్లో నా భర్త బడి నడిపేవాడు. సర్కారుకు కట్టాల్సిన లెవీ ధాన్యం ఇచ్చుకోలేని రైతులకు అర్జీలు రాసిపెట్టేవాడు. రజాకార్లు ఊరి మీద పడిన రోజు పట్వారీ జవాను ఖాసీం ముందు నడిచి మా ఇల్లు చూపించాడు. నా భర్తను వాకిట్లోనే కాల్చి, ఇంటికి నిప్పు పెట్టారు. నేను పరుగెత్తిపోయి పక్కింటి మల్లయ్య తలుపు బాదితే, లోపల గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. అంతా అవడానికి, పొయ్యి మీద అన్నం ఉడుకు పట్టేంతసేపు కూడా పట్టలేదు. ఒక మనిషి బతుకు అంత తక్కువసేపట్లో ముగుస్తుందని ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

దవాఖానలో కళ్లు తెరిచిన మూడో రోజున చూద్దును కదా, నేను మంటల్లోంచి లాగి తెచ్చుకున్న, సగం కాలిన నా పెళ్లిచీరను రాహేలవ్వ పట్టీలుగా చింపుతున్నది. నేను కేకలు పెట్టాను. "కాలింది కాలింది బిడ్డా. మిగిలింది మంచిగనే ఉన్నది, ఊకె పెట్టుకొని ఏం జేస్తవు?" అన్నది. నన్ను అడగాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. చెయ్యి మానాక నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని పట్టీలు చుట్టించింది. నేను చుడుతూ, వచ్చినవాళ్లందరికీ ఖాసీం సంగతి చెప్పేదాన్ని. విన్నవాళ్లే మళ్లీ వినేవారు. "జర ఊపిరి తీస్కో తల్లీ, పట్టీలు వదులైతున్నయి" అనేది రాహేలవ్వ. చివరికి ప్రతిసారీ ఒక్కటే మాట: "ప్రభువు నీకు సమాధానం ఇస్తడు బిడ్డా."

ఆ మాట నాకు బాగా నచ్చింది. నా భర్త బడిలో పలక మీద ఒక పక్క ప్రశ్న, ఇంకో పక్క సమాధానం అని రాయించేవాడు. నాకు అక్షరాలు నేర్పింది కూడా అట్లాగే. నా ప్రశ్న ఒక్కటే: ఖాసీంకు ఏం చేస్తావు? ఆ సమాధానం కోసమే ప్రతి ఆదివారం పెద్ద గుడికి, అంటే మెదక్ చర్చికి వెళ్లి, మోకరించి, ఎప్పుడిస్తావని దేవుణ్ణి నిలదీసేదాన్ని. నా భక్తి చూసి రాహేలవ్వ మురిసిపోయేది.

తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం పాలన పోయింది. నాలుగు రోజుల్లో ప్రపంచం తలకిందులైంది. ఏ పాపమూ ఎరుగని ముస్లింల ఇళ్లూ తగలబడ్డాయి. కొన్ని కుటుంబాలు పిల్లాజెల్లాతో దవాఖాన ఆవరణలో తలదాచుకున్నాయి. ఒక ఉదయం కాలికి గొడ్డలి దెబ్బతో ఒకణ్ణి మోసుకొచ్చారు. ఖాసీం! నా చేతిలోని పట్టీ కింద పడిపోయింది. దేవుడు సమాధానం ఇచ్చేశాడనుకున్నాను. అంత సంతోషం నాలో ఉన్నందుకు నాకే భయం వేసింది.

మధ్యాహ్నానికి గేటు ముందు ఇరవై ముప్పై మంది కట్టెలతో నిలబడ్డారు. ముందు మా మల్లయ్య. రాహేలవ్వ గేటు దగ్గరికి పోయింది, వెనకే నేను.

"ఖాసీం గాడు లోపలున్నడా అవ్వా?"

"ఉన్నడు."

ఆమె అబద్ధమాడదని తెలుసు. అయినా అంత నిజం చెబుతుందని నేను అనుకోలేదు. వాళ్లూ అనుకోలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితె బయటికి పంపు."

"పంపనీకె నేనెవరు? అడగనీకె మీరెవరు? పెనిమిటి పోయింది ఈమెకు. ఈమెను అడుగుండ్రి." అంటూ పక్కకు జరిగి, నన్ను వాళ్ల ముందు నిలబెట్టింది.

ఒక్క మాట చాలు. తలూపినా చాలు.

"చెప్పు పంతులమ్మా, నీ కోసమే వచ్చినం" అన్నాడు మల్లయ్య.

"నా కోసమా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ దినం నీ తలుపు కొడితె గొళ్లెం పెట్టుకుంటివి గద మల్లయ్యా! గప్పుడు యాడ పెట్టినవు ఈ కట్టె?"

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. మల్లయ్య తల దించుకున్నాడు.

"నా ఫిర్యాదు నాది. పోలీసులకు నేనే చెప్పుకుంట. నా పేరు మీద మీరెవరూ కట్టె లేపొద్దు. పోండ్రి."

"సచ్చినోని పెండ్లామే గట్లంటుంటె మనకేంది రా" అని గొణుక్కుంటూ ఒక్కొక్కరే కదిలారు.

గేటు వేసి రాహేలవ్వ మీద విరుచుకుపడ్డాను. "నన్ను అడగకుంట నన్నెందుకు ముందర పెట్టినవు? నేను తలూపితే ఏమయ్యేది? ఇదేనా మీ దేవుడిచ్చే సమాధానం? నేనడిగిన జవాబు ఇదేనా?"

ఆమె నోరు తెరుచుకుని చూసింది. "జవాబా? ఇన్ని దినాలు నువ్వు జవాబు కోసమా గుడికొచ్చింది? అయ్యో బిడ్డా, మా బైబిల్ల సమాధానమంటె నెమ్మది. మనసు నిమ్మళం."

నేను గేటు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఇన్ని నెలలూ ఒకే గుడిలో, ఒకే మాటతో, ఆమె నాకు శాంతి అడిగింది. నేను ఒకడి చావు అడిగాను.

"మరి నాకు జవాబెవరిస్తరు?"

ఆమె గేటు మీంచి నా చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. "నా ఇద్దరు పిల్లలు కలరాల పోయిన్రు. నేను గూడ అడిగిన. జవాబు రాలే, పని వచ్చింది. విరిగిన బతుకు ఆయన చేతుల పెట్టిన. ఏం జేస్తడో నాకు ముందుగాల చెప్పలే."

మరునాడు పొద్దున పోలీసులు రాకముందు, ఎవరూ చెప్పకుండానే పట్టీలు తీసుకుని ఖాసీం దగ్గరికి వెళ్లాను. అతను నన్ను గుర్తుపట్టి కాలు వెనక్కి తీసుకున్నాడు. "అమ్మా, మాఫ్ చెయ్యి" అన్నాడు.

"చెయ్య. కాలు చాపు."

చాపాడు. కట్టాను. పోలీసులు వచ్చాక నా ఫిర్యాదు అక్షరం తగ్గకుండా చెప్పాను. అతన్ని తీసుకుపోయారు. తర్వాత నేను బాప్తిస్మం తీసుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా అక్కడే కట్లు కట్టాను. అతనితో అన్న రెండు మాటల్లో రెండోది, "కాలు చాపు" అన్నది, నా బతుకైంది. ఎందరితోనో అన్నాను. ఆ పూట అది నా నోట ఎట్లా వచ్చిందో తెలియదు, నేనైతే తెచ్చుకోలేదు. మాఫ్ చెయ్యనన్న మొదటి మాట ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని మార్చుకోవడం నా వల్ల కాలేదు. ప్రతి ఆదివారం ఉన్నదున్నట్టు ఆయన ముందు పెట్టి వస్తున్నాను. దాంతో ఏం చేస్తాడో ఆయన నాకూ ముందుగా చెప్పడం లేదు.