రోడ్డు పక్కన పరిచిన చట్రం

నా ఇరవై నాలుగో ఏట, జగిత్యాల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. నేను పట్టుకున్న మీటరు పొడవు, మీటరు వెడల్పు కర్ర చట్రం ఆమె మోకాళ్ళకు తగులుతోంది.

"గిదేంది కొడుకా?"

"గని తవ్వబొయ్యే జాగల గిది నేల మీద పరిచి, నడుమ ఉన్న మొక్కలన్నీ లెక్కవెడ్తనమ్మా. తవ్వితే ఏమేం పోతయో రాయాలె."

"అడివి లోపటిదాక పోయినవా?"

అబద్ధం చెప్పలేకపోయాను. నిజానికి అడవంతటి చోట్లు రాసిన చీటీల్లోంచి ఒకటి తీసి, ఏ చోటు వస్తే అక్కడే చట్రం పరచాలి. కానీ ఆ రోజుల్లో అడవిలోకి పోతే నక్సలైట్ అన్నలు ఆపేవారు, బయటికి వస్తే పోలీసులు ఆపేవారు.

"లేదమ్మా, భయమైంది. రోడ్డు పక్కన్నే పరిచిన," అన్నాను.



"రోడ్డు పక్కన మేకలు మేసినంక మిగిలిందే ఉంటది. మేం బీడీలకు తునికాకు తెంపేది లోపట. నువ్వు రాయకపోతే గది లేనట్టే గద," అంది. కొడిమ్యాల దగ్గర దిగిపోయింది. పేరైనా అడగలేదు నేను.

సోమవారం, అంతవరకు రాసిన పేజీలన్నీ కొట్టేసి మళ్ళీ మొదలుపెడతానని, ఈ పని అప్పజెప్పిన మా సారుకు చెప్పాను.

"నీకేమన్న అయితే?" అన్నాడాయన.

"చీటీల ఏ జాగ వస్తే ఆడికే పోత సార్," అన్నాను.

లోపలి పని పదకొండు రోజులు పట్టింది. ఒకసారి అన్నలు, ఒకసారి పోలీసులు నన్ను ఆపి సంచి దులిపించారు. రెండుసార్లూ ఏం చేస్తున్నానో ఉన్నదున్నట్టు చెప్పాను. వదిలిపెట్టాక, ఆగిపోయిన మొక్క దగ్గరి నుంచే మళ్ళీ లెక్కపెట్టాను.