చలిగదిలో మేపుల్

ముప్పయ్యొక్కేళ్లు చేపల్ని డబ్బాల్లో కుక్కిన ఫుమియే నకాటా, రిటైరయ్యాక తనే ఒక డబ్బాలోకి చేరింది. అమెరికాలోని టకోమా ఊళ్లో ముసలివాళ్ల కోసం కట్టిన చవక అద్దె గదులు, మూడో అంతస్తు. వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక బోన్సాయ్: నలభై ఏళ్ల కిందట తను కొమ్మ నాటి పెంచిన మేపుల్. ఇప్పటికీ మూరెడే.

అక్కడి చలి ఆ చెట్టునేమీ చెయ్యదు. చంపేది వాన. అక్టోబరులో పట్టుకుంటే ఏప్రిల్ దాకా వదలదు, వేర్లు కుళ్లిపోతాయి. అందుకని ఫుమియే బాల్కనీలో కుండీకి ఒక పక్కన చెక్కముక్క ఎత్తుపెట్టి, నీళ్లు జారిపోయేలా వాల్చి ఉంచేది. ఆకులు రాల్చుకుని చెట్టు సుఖంగా నిద్రపోయేది.

డిసెంబరులో మేనేజరు క్రెయిగ్‌కి భద్రత గుర్తొచ్చింది. ఆ ఇళ్లకి డబ్బిచ్చే దాతలు చూడ్డానికి వచ్చే నెలల్లో ఆయనకది గుర్తొస్తుంది.

"వాలిన కుండీ ఎవరి నెత్తినో పడితే? బాల్కనీల్లో ఏవీ ఉండకూడదు. కింద లాబీలో పెట్టండి, పాపం వెచ్చగా ఉంటుంది."

"చలిలో నిద్రపోకపోతే అది చచ్చిపోతుంది బాబూ."

"మీకన్నీ అనుమానాలే, ఫుమియే గారూ."

లాబీ వెచ్చదనానికి లోటు లేదు. దాతలు కూర్చునే చోటు కదా. మూడో అంతస్తు హీటరు మాత్రం నవంబరులోనే ఆగింది. కావలసిన విడిభాగం ఏ దేశం నుంచి నడిచొస్తోందో మరి. మనుషులు కోట్లతో పడుకుంటుంటే చెట్టు రాజభోగం అనుభవించింది.

లాబీకి దిగిన మూడో వారానికి మేపుల్ మొగ్గలు ఉబ్బాయి. ఇంకో నాలుగు రోజులకు ఆకులేస్తుంది. వెలుతురు లేని లాబీలో, నడి చలికాలంలో ఆకేసిన మేపుల్ వసంతం చూడదు.

ఫుమియే పక్కగది డెలోరిస్ తలుపు కొట్టింది. డెలోరిస్ సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి.

"ఏంటే, చెట్టుకి సంతాపసభా?"

"మన గదుల్లో చలి ఎంతుంది?"

"పాలు ఫ్రిజ్‌లో పెట్టడం మానేశాను."

"చెట్టుకి సరిగ్గా అంత కావాలి."

"మరి మనకో?"

"అది ఖాళీ చేసే చోటు ఉందిగా."

ఆ మధ్యాహ్నమే చెట్టు ఫుమియే గదికెక్కింది. మూడో అంతస్తు లాబీకి దిగింది: పద్నాలుగు మంది, దుప్పట్లు, అల్లికలు, మందు సీసాలు. సోఫా ఒక్కటీ మిగల్లేదు. అప్పుడే దాతల్ని వెంటబెట్టుకుని క్రెయిగ్ లోపలికొచ్చాడు.

"ఇక్కడ పడుకోకూడదమ్మా," అన్నాడు పళ్లు బిగించి.

"చెట్టుకి ఈ వేడి పడలేదు బాబూ. మాకు పడింది."

దాతల్లో ఒకావిడ పైకి చూసింది. "పైన వేడి లేదా?"

"రండి, చూద్దురుగాని," అంది డెలోరిస్. "కోటు మాత్రం విప్పకండి."

విడిభాగం మర్నాడే వచ్చేసింది. మెకానిక్కు గది గదికీ తిరిగి ఫుమియే తలుపు కొట్టాడు. ఆమె అడ్డంగా నిలబడింది.

"నా గదికొద్దు. మార్చిలో రా నాయనా."

దిండు చంకలో పెట్టుకుని డెలోరిస్ గదికి నడిచింది.

"గురక పెట్టావో, నిన్నూ ఆ చెట్టు పక్కన పెడతా," అంది డెలోరిస్, మంచంలో జరుగుతూ.

జనవరి అంతా ఫుమియే పొద్దున్నే కోటేసుకుని తన గదికి వెళ్లి చూసేది. మొగ్గలు ఉబ్బినవి ఉబ్బినట్టే ఉన్నాయి. ఒక్కటీ విచ్చుకోలేదు.