ఇంజన్ లైటు ఆర్పినవాణ్ణి

సర్వీస్ సెంటర్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గుర్‌గావ్‌లో మేం కారిచ్చే చోట గాజు తలుపులు, వణికించే ఏసీ, ముక్కు పగిలే నిమ్మవాసన, మిషను పోసే నీళ్ళ కాఫీ అన్నీ ఉంటాయి. కారు సంగతి తెలిసిన మనిషి మాత్రం ఉండడు. మూడుసార్లు ఇచ్చాం. మూడుసార్లూ శుభ్రంగా కడిగి, టైర్లకు పాలిష్ పెట్టి తిరిగిచ్చారు. "గాడీ ఏక్‌దమ్ ఠీక్ హై సర్, మిషన్లో ఏ తప్పూ చూపించడం లేదు. ఫీడ్‌బ్యాక్‌లో పదికి పది వేయండి ప్లీజ్" అన్నాడు టై కట్టుకున్న అడ్వైజర్. రోగం కుదర్చలేదు గానీ పెళ్ళికొడుకులా ముస్తాబు చేశాడు.

కారు బాగాలేదని చెప్పేది నా భార్య. నడిపేదీ ఆమే. సాకేత్‌లో ఇల్లు, మానేసర్‌లో ఆమె ఉద్యోగం. మెట్రో అక్కడిదాకా లేదు. వారానికో పదిరోజులకో ఒకసారి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కారు ఉన్నట్టుండి నీరసపడిపోయేది. ఎంత తొక్కినా వేగం అందుకోదు. ఎదురుగా పసుపు లైటు వెలుగుతుంది. వెనక ట్రక్కులు హారన్ల మీద హారన్లు. ఎలాగో పక్కకు తీసి, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది, లైటు ఒక్కటే మిగులుతుంది.

ఆదివారాలు కూరలకని నేను తీస్తే మాత్రం ఒక్కనాడూ మొరాయించలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చింది. నీ కాలు సరిగ్గా పడటం లేదేమో చూసుకో అన్నాను ఒకసారి. మేడమ్ క్లచ్ సగం తొక్కిపట్టి నడుపుతారేమో సర్ అని అడ్వైజర్ నవ్వితే, ఆమె ముందే నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మొహం నాకే రోతగా ఉంటుంది.

చివరిసారి ట్రక్కు ఒకటి మూరెడు దూరంలోకి వచ్చి ఆగింది. "ఇంక నావల్ల కాదండీ" అంది ఇంటికొచ్చి. "సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను. నాకు నడపడం రాదేమో." పన్నెండేళ్ళ ఉద్యోగం ఆమెది. ఆ రోజు గురువారం.

ఇక నా ఘనకార్యం. ఆ కారు ఎంచింది నేను. మామూలు ఇంజనున్న బండి చాలండీ అని ఆమె అంటే, చిన్న ఇంజను, టర్బో, పెద్ద బండంత బలం అని వారంపాటు ఉపన్యాసమిచ్చింది నేనే. లైటు వెలగడం నాకు నామోషీ. అగ్గిపెట్టెంత పరికరం ఒకటి తెప్పించాను. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోనులో తప్పు ఏమిటో కోడ్ కనిపిస్తుంది. ఒక్క బటన్ నొక్కితే కోడ్ చెరిగిపోతుంది, లైటూ ఆరిపోతుంది. టర్బో గాలి ఒత్తిడి చాలడం లేదని ప్రతిసారీ అదే కోడ్. ప్రతిసారీ మర్నాడు పొద్దున ఆమె దిగేలోపు నేను పార్కింగులోకి వెళ్ళి చెరిపేసేవాణ్ణి.

మాది సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఎవరైనా ఫలానా తప్పు వస్తోందని రాస్తే, మా దగ్గర అది రాకపోతే, 'ఇక్కడ రావడం లేదు' అని రాసి మూసేస్తాం. అంతకంటే పాత జబ్బు ఇంకొకటుంది. పనిమనిషికి గిన్నెలు వేసేముందు మేమే ఒకసారి తొలిచి వేసే ఇంట్లో పెరిగాను నేను. ఎంగిలి కంచం పరాయివాళ్ళ కంట పడకూడదు. సర్వీసుకు ఇచ్చే రోజు కూడా అలాగే కారును తొలిచి మరీ ఇచ్చాను. వాళ్ళ మిషన్లో ఏం కనిపిస్తుంది, నా తలకాయ?

ఆమె కొలీగ్ ఒకావిడ కట్‌వారియా సరాయ్ సందులో ఒక మెకానిక్ ఉన్నాడని చెప్పింది. శుక్రవారం కారు ఎవరూ ముట్టుకోలేదు, శనివారం వెళ్ళాం. బయలుదేరే ముందు, అలవాటు చావక, చెరిపేశాను.

యాభై దాటిన మనిషి. "కౌన్ చలాతా హై?" అని అడిగాడు. నడిపేది నేనే అని ఆమె అనగానే నా వైపు చూడటం మానేశాడు. ఎప్పుడు ఆగింది, బండి వేడెక్కాకనా, ఎత్తు మీదనా, ముందు చప్పుడేదైనా వచ్చిందా అని ఆమెనే అడిగాడు. కుక్కర్ గాస్కెట్ వదులైనప్పుడు వచ్చినట్టు బుస్సుమంటుంది భయ్యా అంది హిందీలో. ఆ మాట అంతకుముందు నాకూ చెప్పింది. ఏసీ చప్పుడులే అన్నాను.

తన మిషను తగిలించి చూసి పెదవి విరిచాడు. "కోడ్ చెరిపి నాలుగు కిలోమీటర్లయిందని చూపిస్తోంది. ఎవరు చెరిపారు? ఆ క్షణంలో వేడెంత, ఒత్తిడెంత అన్నీ దాంతోపాటే రాసి ఉంటాయి. అది ఉంటే సగం పని అయిపోయేది."

"సర్వీస్ సెంటర్ వాళ్ళై ఉంటారు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో అబద్ధం.

అతను రెట్టించలేదు. ఆమె పక్కన కూర్చున్నాడు, నేను వెనక సీట్లో. ఔటర్ రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ ఎక్కించాడు, దింపించి మళ్ళీ ఎక్కించాడు. నాలుగోసారికి బుస్సుమంది. కారు చచ్చుబడింది, పసుపు లైటు వెలిగింది. "ఆగయా, వచ్చేసింది" అన్నాడు తాపీగా. నా భార్య పెద్దగా నవ్వింది. కారు చెడిపోయినందుకు అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు.

షెడ్డులో కింద పడుకుని రబ్బరు గొట్టం ఊడదీశాడు. టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే గొట్టం అది. అడుగువైపు వేలెడు చీలిక. చల్లగా ఉంటే మూసుకునే ఉంటుంది, వేడెక్కి గాలి తన్నినప్పుడే తెరుచుకుంటుందట. బొటనవేలితో నొక్కి ఆమెకు చూపించాడు. "ఆప్‌కీ గల్తీ నహీ హై, దీదీ. మీ తప్పేం లేదు" అన్నాడు. కొత్తది బిగించేసరికి మధ్యాహ్నమైంది.

కారెక్కాక ఆమె స్టార్ట్ చేయలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చుంది.

"మన ఇంటి నుంచి ఇక్కడికి నాలుగు కిలోమీటర్లే కదండీ."

"నేనే చెరిపాను" అన్నాను.

"ఇవాళొక్కరోజేనా?"

"కాదు. మొదటినుంచీ."

"లైటు వెలిగిందని నేను చెప్పిన ప్రతిసారీ, పొద్దున నన్ను కిందకి తీసుకొచ్చి, ఏదీ, ఎక్కడుంది అన్నారు."

"అన్నాను."

"నేను కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళానండీ" అంది. "మీకు చెప్పలేదు."