మా బావ తువ్వాల, బిడ్డ పాత కంప్యూటర్

మా వియ్యంకుడు పోయాడు. పోయిన మంగళవారం పొద్దున, వీధిలో సాంచాలు అప్పుడప్పుడే అందుకుంటున్న వేళ, నా బిడ్డ ఎదురింట్లోంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి మా గడప పట్టుకుని నిలబడింది. "బాపూ, మామ లేస్తలేరు" అంది. నేను పోయేసరికి ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నట్టే ఉన్నాడు. రోజూ భుజం మీద ఉండే తువ్వాల తలాపున మడత పెట్టి ఉంది. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. బాధపడకుండా పోయాడని అందరూ అన్నారు. ఆయన పడని బాధంతా మాకు మిగిలింది.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. సిరిసిల్లలో పుట్టి, మరమగ్గాల మీదే బతికాను. మా దగ్గర మరమగ్గాన్ని సాంచా అంటాం. రాయడం వచ్చి రాస్తున్నది కాదు ఇది. చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. ఆడపిల్ల తండ్రి నోట వియ్యంకుడి పొగడ్త వింటే కొందరు నవ్వుతారు. నవ్వనీ. అటువంటి వియ్యంకుడు దొరికినందుకు నేను ఎంత పొంగిపోయానో మా వీధికి తెలుసు. ఇంత దుఃఖంలోనూ ఆ సంతోషం నన్ను విడవలేదు.

వరుసకు వియ్యంకుడైనా పిలుపుకు ఆయన నాకు బావ. నిర్మల్ మనిషి. తాతల నాడు మగ్గం ఉన్న ఇల్లే కానీ, ఆయన లెక్కల మాస్టరుగా మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి బోథ్‌లో చాలా ఏళ్ళు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయాక కొడుకు దగ్గరికి మా ఊరు వచ్చాడు. మా అల్లుడు ఇక్కడే సాంచాలు రిపేరు చేస్తాడు. ఆ విధంగా మా బావ మా ఎదురింటివాడయ్యాడు.

పిల్లను చూడటానికి వచ్చిన రోజు ఇంకా కళ్ళ ముందే ఉంది. వంట వస్తుందా అని ఆయన అడగలేదు. పిల్ల ఏం పని చేస్తుందని అడిగాడు. చీర అంచులకు డిజైన్లు గీస్తుందని చెప్పాను. "అయితే చాయ్ తర్వాత తాగుదాం. ముందు డిజైన్లు చూపియ్యి బిడ్డా" అన్నాడు. నా బిడ్డ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక హంసను చూపించింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు. హంస మెడకాడ గళ్ళు లెక్కపెట్టి, ఒక గడి ఎక్కువైందేమో చూడమన్నాడు. ఎక్కువే అయింది. సంబంధం అక్కడే కుదిరిందని నేను ఇప్పటికీ అంటాను.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. చాయ్ గ్లాసు చేతికి రాగానే గడప దాకా పోయి, భుజం మీది తువ్వాల తీసి గట్టిగా రెండు దులుపులు దులిపి, అప్పుడు గానీ తాగేవాడు కాదు. బడిలో చాక్‌పీసు పొడి తువ్వాల నిండా పడేదట. రిటైరయ్యాక పొడి పోయింది, దులుపుడు మిగిలింది. ఇంకొకటి, ఎవరు ఎదురుపడ్డా "కాయ్ ఝాలా?" అని పలకరించేవాడు. ఏమైంది అని దాని అర్థం. బోథ్ సంతలో మరాఠీవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ అంటుకున్న మాట. మొరాయించిన కంప్యూటర్‌ను కూడా అలాగే అడిగేవాడు.

పెళ్ళయ్యాక బిడ్డతోపాటు ఎదురింటికి చేరిన ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి. నా బిడ్డ అందులో గీసిన బొమ్మ పక్కనున్న మిషన్‌కు పోతుంది. ఆ మిషన్ అట్టలకు రంధ్రాలు పొడుస్తుంది. ఆ అట్టలు సాంచా మీద దారాలను ఎత్తే జకార్డుకు ఎక్కితే చీర అంచులో హంసలు, మామిడిపిందెలు లేస్తాయి. మిషన్‌నూ కంప్యూటర్‌నూ కలిపే కార్డు ఒకటి ఉంది. అది కొత్త కంప్యూటర్లలో పట్టదు. ఈ పాత మదర్‌బోర్డులోనే దూరుతుంది. కొత్త మిషన్ కొనే తాహతు మాకు లేదు. అందుకని ఆ బోర్డు బతికున్నంత కాలమే నా బిడ్డ పని. అది పోతే మళ్ళీ డిజైన్లు నేర్వకముందులాగా కండెలకు నూలు చుట్టుకుంటూ కూర్చోవాలి.

పోయిన ఏడాది పెళ్ళిళ్ళ సీజను ముందర, చేతినిండా ఆర్డర్లున్నప్పుడు, అందులోని డిస్కు చెడిపోయింది. కొత్త డిస్కు తెచ్చి పెడితే బోర్డు దాన్ని గుర్తుపట్టలేదు. బజారులో మెకానిక్ బోర్డే మార్చేయమన్నాడు. బిడ్డ ఏడుపు మొహంతో వచ్చింది. మా బావ బోర్డు మీదికి వంగి "కాయ్ ఝాలా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు అదే ధ్యాస. నాకు అర్థమయ్యేలా చెప్పేవాడు. బోర్డుకు పుట్టుకతో ఒక బుద్ధి ఉంటుందట, దాని పేరు బయోస్. కరెంటు రాగానే నా కాళ్ళేవి, చేతులేవి అని అది వెతుక్కుంటుంది. బోర్డు పుట్టిన నాటికి ఈ రకం డిస్కులు లేవు కాబట్టి ఆ బుద్ధికి ఇది తెలియదు. కొత్త పాఠం చెప్పాలి. ఇక డ్రైవర్ అంటే ఏమిటని నేను అడిగితే నవ్వి, "సంతల మరాఠాయనకు, మనోనికి నడుమ ఒకడు నిలవడి బేరం చేపిస్తడు సూడు బావా, వాడే. వాడు లేకుంటే ఇద్దరు మొకాలు సూసుకుంట నిలవడుతరు" అన్నాడు.

ఆ ఫైళ్ళ కోసం ఆయన వెతికిన తీరు చూస్తే నాకు పెళ్ళిసంబంధాలు తిరిగిన రోజులు గుర్తుకొచ్చేవి. బోర్డు తయారుచేసిన కంపెనీ తన పేజీలోంచి ఈ పాత రకాన్ని తీసేసింది. ఎక్కడెక్కడో దొరికేవి, దొరకగానే నేను సంబరపడేవాణ్ణి. ఆయన మాత్రం టార్చిలైటు పెట్టి బోర్డు మూలన అచ్చైన చిన్న నంబరు మళ్ళీ చదివేవాడు.

"ఇది గాదు బావా."

"పేరు గదే ఉన్నది గదా?"

"పేరొక్కటైతే అయితదా? మా నిర్మల్ల నీ పేరోళ్ళు మస్తుమంది ఉన్నరు. వాళ్ళందరికి పిల్లనిస్తవా?"

చివరికి అటువంటి బోర్డునే ఇంకా వాడుతున్న ఎవరో దూరపు మనిషి దాచిపెట్టిన ఫైలు దొరికింది. లెక్కల సారు కదా, ఫైలు చెడకుండా వచ్చిందని తెలిపే మొత్తం ఒకటి ఉంటుందట, అది అక్షరం అక్షరం కలిసేదాకా ముట్టుకోలేదు.

ఇంక పాఠం ఎక్కించడమే మిగిలింది. అది ఎక్కుతున్నప్పుడు కరెంటు కదిలితే బోర్డు చచ్చిపోతుంది. మా వీధిలో కరెంటు సంగతి మీకు తెలియదు. ఇటూ అటూ అన్నీ సాంచాలే. నాలుగు ఒక్కసారి మొదలైతే ఇంట్లో బల్బు గుడ్డిదైపోతుంది. మా యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి మూలన పడింది. కరీంనగర్ నుంచి కొత్తది వచ్చేదాకా ఆగుదామని బావ అన్నాడు. ఆర్డర్లవాళ్ళు ఆగేటట్టు లేరు. అప్పుడు మూలింటి ఆసామి ముందుకొచ్చాడు. వీధిలో ఎక్కువ సాంచాలు ఆయనవే. "సారూ, గంత ఫికరెందుకు? వాడకట్టంత జరసేపు బంద్ వెడ్తం. మీ పనైనంక బయటికచ్చి తువ్వాల ఊపుండ్రి, అప్పుడు మొదలువెడ్తం" అన్నాడు.

మా వీధి మంచితనం చూడండి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒకరి తర్వాత ఒకరు సాంచాలు ఆపి, అందరూ అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు. పట్టపగలు మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం, ఎవరైనా పోయినప్పుడు తప్ప, నేను ఎరగను. లోపల బావ మీట నొక్కాడు. తెర మీద గీత ఒకటి మెల్లగా నిండుతోంది. "ఇంక మనం చేసేదేం లేదు. ముట్టుకోవద్దు" అన్నాడు. చేసేదేం లేదు కాబట్టి నా బిడ్డ చాయ్ పెట్టింది. గ్లాసు చేతికిచ్చింది.

ఆయన గ్లాసు పట్టుకుని, కళ్ళు తెర మీదే ఉంచి, వెనక్కి వెనక్కి నడిచి గడప దగ్గర నిలబడి, తువ్వాల తీసి గట్టిగా దులిపాడు.

వీధి వీధంతా ఒక్కసారి గుయ్యిమంది. బల్బు ఎర్రబడింది. స్టెబిలైజర్ టక్కుమంది. తెర నల్లగా అయిపోయింది.

బావ చేతిలో తువ్వాల వేలాడుతోంది. ఎవరి మీదైనా కోప్పడదామంటే ఎవరి తప్పూ కాదు. మళ్ళీ స్విచ్ వేస్తే కంప్యూటర్ లోపలి ఫ్యాను తిరిగింది గానీ తెర మీద ఏమీ రాలేదు. నా బిడ్డ ఒక్క మాటే అంది. "మామా, ఇగ మల్ల కండెలే చుట్టుకోవాల్నా?"

ఆ చాయ్ ఆయన తాగలేదు. ఆ రోజే కాదు, ఆ బోర్డు లేచేదాకా చాయ్ ముట్టలేదు. మా అల్లుడు బతిమాలినా వినలేదు. నేను బాసర అమ్మవారికి మొక్కుకున్నాను. ఆయన మొక్కుతోపాటు వెతకడం కూడా చేశాడు. పొద్దున కూర్చుంటే కళ్ళు ఎర్రబడేదాకా చదివేవాడు. ఒకనాడు మా ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. "బావా, అంత పోయినా గా బోర్డుల ఒక చిన్న ముక్క సావదట. గది పెన్ డ్రైవుల నుంచి మల్ల సదువుకుంటదట. గని ఫైలును దానికి ఎర్కున్న పేరుతోటే పిలవాలె. గా పేరు నాకు దొరికింది."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం మీకు చూపించలేను.

ఈసారి కరీంనగర్ నుంచి కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఆగాం. మూలింటి ఆసామి మళ్ళీ సాంచాలు ఆపిస్తానంటే బావ దండం పెట్టాడు. రోజూ ఎట్లా నడుస్తాయో అట్లాగే నడవనీయమన్నాడు. నా బిడ్డ వచ్చి చేయి చాపింది. "మామా, తువ్వాల ఇటియ్యుండ్రి." ఆయన బుద్ధిమంతుడిలా తీసిచ్చాడు. అది తన ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చుంది. పెన్ డ్రైవ్ మీద చిన్న దీపం మిణుకుమంది. చాలాసేపు అదే మిణుకు. ఆ తర్వాత కంప్యూటర్ ఒక్క కూత కూసింది, తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. అందులో కొత్త డిస్కు పేరు కూడా ఉందని నా బిడ్డ వేలు పెట్టి చూపించింది. ఆమె ఏడ్చింది, నేను ఏడ్చాను. ఆయన మాత్రం "తువ్వాలియ్యి బిడ్డా, చాయ్ తాగుత" అన్నాడు. నేను బజారుకు పోయి జిలేబీ తెచ్చి వీధంతా పంచాను. మనవడు పుట్టిననాడు కూడా అంత పంచలేదని మా ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

డ్రైవర్లు ఒక్కొక్కటీ వెతికి ఎక్కించడానికి ఇంకొంత కాలం పట్టింది. చివరికి మిషన్ మొదటి అట్టను పొడిచిన రోజు, ఆ అట్టను వెలుతురుకు పట్టి ఆయన రంధ్రాలు లెక్కపెట్టాడు. హంస మెడ సరిగ్గా ఉంది. ఆ సీజను ఆర్డర్లన్నీ నా బిడ్డ తీర్చింది. ఇవాళ మా వీధిలో ఏ పెళ్ళిచీర అంచు చూసినా నా బిడ్డ చేయి కనపడుతుంది. చూసి నేను పొంగిపోతాను.

ఆ తర్వాత ఆయన చాయ్ తాగడానికి గడప దగ్గరికి వస్తే మూలింటి ఆసామి అరుగు మీంచి అడిగేవాడు. "సారూ, దులుపుతున్నరా, సిగ్నలిస్తున్నరా?" బావ నవ్వి, తువ్వాలను చిన్నగా, దొంగతనంగా దులుపుకునేవాడు. కానీ ఆ సంఘటన నుంచి వీధికి ఒక పద్ధతి నేర్పాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు అందరూ ఒక్కసారి సాంచాలు పెట్టకూడదు. మూలింటివాళ్ళు ముందు, వాళ్ళవి నిలకడగా నడిచాక పక్కింటివాళ్ళు, అలా ఒకరి తర్వాత ఒకరు. మోటార్లు కాలడం తగ్గిందని వీధే ఒప్పుకుంది. ఎవరైనా తొందరపడితే, "ఒకలెన్క ఒకలు. నా కోడలు పనిమీద ఉన్నది" అనేవాడు. కూతురు అని ఎవరైనా పొరబడితే సరిదిద్దేవాడు కాదు.

మా దగ్గర మనిషి పోతే దహనం అయ్యేదాకా ఆ వీధిలో సాంచాలు ఆపుతారు. మంగళవారం అన్నీ ఆగాయి. మానేరు ఒడ్డున కొడుకు నిప్పు పెట్టాడు. తిరిగొచ్చి స్నానాలు చేసి ఎవరి ఇళ్ళలో వాళ్ళు కూర్చున్నాం. సాయంత్రానికి మొదలుపెట్టొచ్చు. ఎవరూ పెట్టలేదు. తెల్లారింది. బుధవారం పొద్దు బారెడెక్కినా వీధిలో చప్పుడు లేదు. అందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. మూలింటి ఆసామి తన షెడ్డు ముందు చేతులు కట్టుకుని మా ఎదురింటి వైపే చూస్తున్నాడు. ముందు తను మొదలుపెట్టాలని ఆయనకు తెలుసు. కాలు కదలడం లేదు.

నా బిడ్డ బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. చేతిలో మామ తువ్వాల. గడప మీద నిలబడి, ఒకసారి వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, ఆ తువ్వాలను గట్టిగా రెండు దులుపులు దులిపింది.

మూలింట్లో మొదటి సాంచా అందుకుంది. అది నిలకడగా నడిచేదాకా మిగతావాళ్ళు ఆగారు. తర్వాత పక్కింట్లో. తర్వాత ఆ పక్కింట్లో. చప్పుడు మూల నుంచి ఒక్కో ఇల్లూ దాటుకుంటూ మా దాకా వచ్చింది. నేను ఎదురింట్లోకి తొంగిచూశాను. కంప్యూటర్ ఉన్న గదిలో బల్బు వెలుగుతోంది. వీధి మొత్తం నడుస్తోంది, ఆ బల్బు ఒక్కసారి కూడా గుడ్డిది కాలేదు.