పోస్టాయన బూట్లు

రేడియో స్టేషన్లో అతన్ని అందరూ చప్పుళ్లాయన అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. నాటకంలో వాన కురవాలన్నా, తలుపు కిర్రుమనాలన్నా, పెళ్లాం అలిగి పళ్లెం విసిరికొట్టాలన్నా అతనే దిక్కు. వానంటే జల్లెడలో బఠాణీలు. ఉరుమంటే దూలానికి వేలాడదీసిన రేకు. పక్షుల గుంపు లేచిపోవాలంటే పాత గొడుగు టపటపా తెరిచి మూయడమే. నలభై ఏళ్ల మనిషి మైకు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఇలాంటి పనులు చేస్తుంటే కొత్తగా చేరినవాళ్లు మూతి చాటుచేసుకుని నవ్వేవారు. నవ్వితే నవ్వనీండి. మూసిన తలుపు వెనక చెంచా కిందపడితే అది ఇత్తడిదో స్టీలుదో చెప్పగల చెవులు వాళ్లలో ఒక్కడికీ లేవు.

యుద్ధం వచ్చాక నాటకాలు ఆగిపోయాయి గానీ అతని పని మూడింతలైంది. సమాచార శాఖ నుంచి ఒక ఆఫీసరు వచ్చి స్టేషన్లో కుర్చీ వేసుకున్నాడు. మెత్తటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. రోజూ సాయంత్రం ఆరున్నరకి ‘సరిహద్దు నుంచి నేరుగా’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టించాడు. నేరుగా అంటే, నేరుగా మెట్లు దిగి ఎడమపక్క మూడో గదిలోంచి అన్నమాట.

“అబద్ధం చెప్పకూడదోయ్,” అని ఆఫీసరు మొదటిరోజే పాఠం చెప్పాడు. “చెబితే జనానికి అనుమానం వస్తుంది. మనం వినిపిద్దాం, అంతే. ఏం అనుకోవాలో అది వాళ్లే అనుకుంటారు. మనవాళ్లు ముందుకెళ్లారని గొంతాయన ఒక్క ముక్క చదువుతాడు. మిగతాదంతా నీ చేతుల్లో, నీ కాళ్లల్లో ఉంది.”

గొంతాయన అంటే వార్తలు చదివే అనౌన్సరు. అతని చేతికొచ్చే కాగితంలో ‘వెనక్కి వచ్చారు’ అనే మాట ఎప్పుడూ ఉండేది కాదు, ‘కొత్త స్థానాలకు చేరుకున్నారు’ అని ఉండేది. చేజారిపోయిన ఊరి పేరు మర్నాటి నుంచి వార్తల్లో వినబడేది కాదు, అసలు అలాంటి ఊరే లేనట్టు. ఇక గెలుపు వచ్చినప్పుడల్లా జనం కేరింతలు కొట్టాలి కదా, దానికి ఎప్పటిదో ఫుట్‌బాల్ ఆట రికార్డు ఒకటి ఉంది. అందులో సరిగ్గా తొమ్మిదో సెకనులో ఎవరో ఖళ్లు ఖళ్లుమని దగ్గుతాడు. చప్పుళ్లాయన ఎంత తంటాలు పడినా ఆ దగ్గు పోలేదు. ఏడాదిలో పద్దెనిమిది చోట్ల గెలిచాం, పద్దెనిమిది చోట్లా ఆ మహానుభావుడే దగ్గాడు. ఊరంతా విన్నారు, ఒక్కరంటే ఒక్కరు ఇదేమిటని అడగలేదు. అడగాలని ఎవరికీ లేదు మరి.

ఇంట్లో ఉండేది అమ్మా, అతనూ. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా ఈ చప్పుళ్లతో వేగేదెవరని తప్పించుకుని అలాగే ఉండిపోయాడు. తమ్ముడొకడు, పన్నెండేళ్లు చిన్నవాడు. వాడు తమ వీధికే పోస్టుమాన్. చిన్నప్పుడు మెట్ల మీంచి దొర్లిపడి, నడకలో ఎడమ మడమ కాస్త ఈడ్చేవాడు. వాడు మలుపు తిరిగాడంటే వీధంతటికీ తెలిసేది. ఒక గట్టి అడుగు, ఒక ఈడ్పు, మళ్లీ గట్టి అడుగు. ఉత్తరం ఉన్న ఇంటి ముందు ఆగి, బూటు మడమ మెట్టుకేసి రెండుసార్లు కొట్టేవాడు. పిలిచేది లేదు, తలుపు తట్టేది లేదు. ఆ రెండు దెబ్బలు వినబడితే చాలు, పొయ్యి మీద పాలున్నా వదిలేసి పరుగెత్తుకొచ్చేవారు.

పనంతా అయ్యాక సొంత గడప దగ్గర కూడా అలాగే కొట్టేవాడు. “మనకెవరు రాశార్రా ఉత్తరం?” అని అమ్మ లోపల్నుంచి కేకేసేది. “నేనే ఉత్తరాన్నమ్మా, వచ్చి విప్పి చదువుకో,” అనేవాడు వాడు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. విని విని చప్పుళ్లాయనకి విసుగొచ్చేది కూడా. ఇప్పుడా విసుగు కోసం అతని ప్రాణం కొట్టుకుపోతోంది.

మొదటి ఏడాది ఆ మడమ చూసి తమ్ముణ్ని సైన్యంలోకి వద్దన్నారు. రెండో ఏడాదికి కాళ్లున్న ప్రతివాడూ పనికొచ్చాడు. వెళ్లాక నాలుగు ఉత్తరాలు రాశాడు. తర్వాత పది నెలలు ఉలుకూ పలుకూ లేదు. కొత్త పోస్టుమాన్ సైకిలు మీద వచ్చేవాడు, అతనికి చప్పుడే లేదు. అందుకని అమ్మ పొద్దున్నించీ కిటికీ దగ్గరే కూర్చుని కళ్లతో కాచుకునేది.

ఆ రోజుల్లోనే సైన్యానికి బూట్లు చాలడం లేదని ఆఫీసుల్లో ఉన్నవన్నీ పట్టుకుపోయారు. స్టేషన్లో సైనికుల కవాతు ఎలా చేసేవారంటే, రికార్డు మీద వందల అడుగులు వినబడుతుంటే, ముందు వరసలో నడిచే ఒక్క మనిషి అడుగులు మాత్రం మైకు దగ్గర కంకర తొట్టెలో చప్పుళ్లాయన తొక్కేవాడు. ఆ ఒక్క జతే దానికి ప్రాణం పోసేది. బూట్లు పోయాక చెప్పులతో తొక్కి చూస్తే సైన్యమంతా స్నానానికి బయల్దేరినట్టుందని గొంతాయన పడీపడీ నవ్వాడు. సరే, ఇంట్లో మంచం కింద తమ్ముడి పాత పోస్టు బూట్లున్నాయి కదా అని మర్నాడు సంచిలో వేసుకెళ్లాడు.

పొరపాటంతా అక్కడే జరిగింది. లోకంలోని చప్పుళ్లన్నీ కనిపెట్టే మనిషి, తన కాళ్ల కింది చప్పుడు వినలేదు. చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి, మనసు గొంతాయన మాటల మీద ఉంది. బూట్లేమో ఏళ్ల తరబడి ఒకే నడకకి అలవాటు పడ్డవి. అరిగిన ఎడమ మడమ పాదాన్ని పక్కకి వాల్చేసింది, కాలు దానంతటదే ఈడ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ తడి చేతులతో వీధిలోకి ఎదురొచ్చింది.

“ఒరే పెద్దోడా, చిన్నోడు బతికే ఉన్నాడురా! రేడియోలో నడిచాడు. ఇప్పుడే విన్నాను. అందరికంటే ముందు నడుస్తున్నాడు, నా తండ్రి!”

అతను చేతిసంచిలోని బూట్లకేసి చూశాడు. ఏం జరిగిందో క్షణంలో తెలిసిపోయింది. నిజం నోటిదాకా వచ్చింది కూడా. కానీ పది నెలల తర్వాత అమ్మ నవ్వుతోంది. స్టేషన్ సంగతులు బయట చెప్పనని సంతకం పెట్టాను కదా అని తనకి తాను సర్దిచెప్పుకుని, వచ్చిన మాట మింగేశాడు.

మర్నాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని, కాలు ఈడ్వకుండా నడిచాడు. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. “ఇవాళ వాడు లేడురా. ఏమైనా తగిలిందేమో,” అంటూ రేడియో ముందే కూర్చుండిపోయింది. మూడోరోజు చప్పుళ్లాయన తెలిసి, కావాలని, ఎడమ మడమ ఈడ్చాడు. మొదటిది పొరపాటు. ఇది మాత్రం అతను చేసిన పనే, ఎవరి మీదా నెట్టడానికి లేదు.

నాలుగు రోజుల్లో వీధిలోని ఆడవాళ్లంతా వాళ్లింట్లో చేరారు. “అవును, మన పోస్టాయనే!” అని ఎదురింటి పిన్ని చెంపలు అదుముకుంది. ఆమె కొడుకూ, చప్పుళ్లాయన తమ్ముడూ ఒకే బండిలో వెళ్లారు. “మావాడు ఆ పక్కనే ఉంటాడక్కయ్యా. వాడు పిల్లిలా నడుస్తాడు, అందుకే వినబడటం లేదు,” అంది. ఇంకొకామెకి భర్త, మరొకామెకి అల్లుడు, అందరూ ఆ వెనక వరసల్లో దొరికారు. ఆఫీసరు చెప్పింది నిజమే, ఎవరూ అబద్ధం చెప్పలేదు.

నిజం చెప్పొద్దూ, చప్పుళ్లాయనకి కూడా కార్యక్రమం సాగే ఆ పది నిమిషాలు కావలసివచ్చాయి. గది తలుపు మూసి ఆ బూట్లు తొడుక్కుంటే తమ్ముడు తన కాళ్లల్లోకి వచ్చినట్టుండేది. చిన్నప్పుడు వాణ్ని నడవలేని రోజుల్లో తనే మోశాడు. ఇప్పుడు వాడు తనని మోస్తున్నాడనిపించేది. కార్యక్రమం అయిపోయాక బూట్లు విప్పబుద్ధయ్యేది కాదు.

అలా ఐదు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం స్టేషన్ చిరునామాకి సర్కారు కవరొచ్చింది, చప్పుళ్లాయన పేరు మీద. తమ్ముడు చనిపోయాడు. తేదీ చూస్తే, ఎనిమిది నెలల క్రితంది. అంటే తను ఆ బూట్లు తొడిగేనాటికే వాడు పోయి మూడు నెలలు.

కాగితం పట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్లాడు. ఆఫీసరు చదివి, లేచి నిలబడి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇలాంటి కవర్లన్నీ ఒకేసారి పంపితే ఊరు తట్టుకోలేదని రోజుకి కొన్ని చొప్పున పంపుతున్నారోయ్. నాకూ బాధగానే ఉంది.”

“ఇక నావల్ల కాదండీ. నేను నడవలేను.”

“నీ అడుగుల కోసం ఎన్ని ఉత్తరాలొస్తున్నాయో తెలుసా? ఇవాళ నువ్వు ఆపేస్తే, అందరి కొడుకులూ ఒకేరోజు పోయినట్టు.”

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం నడిచాడు. ఆ మర్నాడూ నడిచాడు. జేబులో కాగితం ప్రతి అడుక్కీ గరగరమంటోంది, అది మైకులో పడుతుందేమోనని కూడా చూసుకున్నాడు పాపం, పని అలవాటు అలాంటిది. ఇంట్లో అమ్మ తమ్ముడి చొక్కాలు ఎండలో వేసి మడతలు పెడుతోంది. ఇలా ముందుకెళుతున్నారంటే ఇక వచ్చేస్తార్రా అంటోంది. మూడోరోజుకి అతనికి ముద్ద దిగలేదు.

నాలుగోరోజు పొద్దున్న, అమ్మ పెరట్లో అంట్లు తోముతుండగా, సందులోంచి గుప్పెళ్లతో కంకర తెచ్చి వెనక అరుగు మీద పరిచాడు. బూట్లు తొడుక్కుని నడిచాడు. నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది.

అమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. “చిన్నోడా!” అంటూ గిర్రున తిరిగింది. పెద్దోడు నిలబడి ఉన్నాడు. ముందు అతని మొహం చూసింది, తర్వాత కాళ్లు చూసింది, మళ్లీ మొహం చూసింది.

“నువ్వేనా?” అంది.

“నేనేనమ్మా. మొదట్నుంచీ నేనే.” అని కాగితం తీసి చదివాడు. తేదీతో సహా చదివాడు.

అమ్మ అరవలేదు, తిట్టలేదు. అలాగే గోడకి జారగిలబడింది. “ఆ రోజు నేనేం చేస్తున్నానురా?” అంది. అతనికి గుర్తు లేదు. ఆమెకీ గుర్తు రాలేదు. ఆ రోజు ఏమీ తెలియకుండా మామూలుగా గడిచిపోయిందే అన్నదే ఆమెకి అన్నిటికంటే ఎక్కువ బాధయింది. అప్పుడు ఏడ్చింది. అతనూ పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మధ్యాహ్నం అతను బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం నిలకడగా ఉంది.

“ఐదు నెలల్నుంచి నడుస్తూనే ఉన్నాడురా వాడు. ఒక్కనాడూ ఆగలేదు. కాళ్లు నొప్పి పుట్టవూ? ఇవాళ వాణ్ని ఇంటికి తీసుకొచ్చెయ్యి.”

ఆరున్నర అయింది. గొంతాయన కాగితం అందుకున్నాడు. మన వీరులు కొత్త స్థానాలకు చేరుకున్నారు అన్నాడు. రికార్డు మీద వందల అడుగులు మొదలయ్యాయి, వాటి ముందు చప్పుళ్లాయన అడుగులు. రెండు నిమిషాలయ్యాక అతను చెయ్యి చాచి రికార్డు మెల్లగా తగ్గించేశాడు. సైన్యం దూరంగా వెళ్లిపోయింది. ఒక్కడు మిగిలాడు. కంకర దిగి గచ్చు మీదికి వచ్చాడు. ఒక గట్టి అడుగు, ఒక ఈడ్పు. మైకుకి దగ్గరగా, ఇంకా దగ్గరగా వచ్చి ఆగాడు. మడమతో నేలని రెండుసార్లు కొట్టాడు.

ఆ తర్వాత చప్పుడన్నది లేదు. గొంతాయన కాగితం కిందికి దించేశాడు. అద్దం అవతల ఆఫీసరు లేచి చేతులూపుతున్నాడు. ఊరి రేడియోలన్నిటిలో అరనిమిషం పాటు ఏమీ వినబడలేదు. చప్పుళ్లాయన హెడ్‌ఫోన్లు తీసి ఉరుముల రేకు కింద పెట్టి, మెట్లెక్కి బయటికి వచ్చేశాడు. “రేపట్నుంచి రావద్దు!” అని వెనక నుంచి ఆఫీసరు కేక వినబడింది. ఆ మెత్తటి మనిషి గొంతు పెంచడం అదే మొదలు.

ఇంకా వెలుతురుంది. వీధి మలుపు తిరిగేసరికి, ఆ చివర నుంచి ఈ చివర దాకా తలుపులన్నీ తీసి ఉన్నాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో ఆడమనిషి. చేతులకి పిండి, తలకి సగం వేసిన జడ, ఎక్కడి పని అక్కడే. రెండు దెబ్బలు విన్నారు, తలుపులు తీశారు. ఎవరూ మళ్లీ మూయలేదు. అతని బూట్ల చప్పుడు వినబడగానే అన్ని తలలూ ఇటు తిరిగాయి. “పోస్టాయనా! మావాడు ఏమైనా...” అంటూ ఎదురింటి పిన్ని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. దగ్గరికి వచ్చి మొహం చూసి ఆగిపోయింది.

ఇంకొక్క అడుగు వేయడానికి అతనికి మనసు రాలేదు. వీధి మధ్యలోనే గొంతుక్కూర్చుని లేసులు విప్పాడు. బూట్లు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో, ఏ చప్పుడూ లేకుండా, ఆ గుమ్మాలన్నిటి ముందునుంచీ తలొంచుకుని నడిచాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారి మాత్రం, అందరికీ తెలిసింది.

అమ్మ కూడా తలుపు తీసుకుని గడపలో నిలబడి ఉంది. అతని చేతిలోంచి బూట్లు అందుకుని, ఇంట్లోకి వచ్చినవాడు విప్పినట్టు, మొనలు లోపలికి తిప్పి గడప పక్కన పెట్టింది.

“నడిచేది నువ్వేనని తెలుసు కదరా నాకు,” అంది. “తెలిసీ గడియ తీశాను.”